ల్యాప్‌టాప్ స్క్రీన్ పగిలిందా? అనంతపురంలో ఇంట్లోనే ఇలా మార్చుకోండి

ల్యాప్‌టాప్ డిస్‌ప్లే మార్చాలంటే చాలామందికి టెన్షన్. విప్పి బిగించే పని నిజానికి చిన్నదే. స్క్రూడ్రైవర్ పట్టే అలవాటు పెద్దగా లేనివాళ్లకైనా ఒక పూటలో అయిపోతుంది. తలనొప్పంతా అంతకుముందే ఉంటుంది. పోయింది నిజంగా ప్యానెలేనా (బొమ్మ కనిపించే పలక) అని తేల్చుకోవాలి, తర్వాత దానికి సరిగ్గా సరిపోయే ప్యానెల్ తెప్పించుకోవాలి. ఇక్కడ తప్పు జరిగితే మిగతా పని ఎంత జాగ్రత్తగా చేసినా డబ్బు బూడిదలో పోసిన పన్నీరే. అందుకే ఈ రెండు విషయాలకే ఎక్కువ చోటిస్తున్నాను.

మా వైపు స్క్రీన్లు పగిలే తీరు దాదాపు ఒకటే. జేఎన్‌టీయూ, ఎస్కేయూ హాస్టళ్లలో అయితే కీబోర్డు మీద ఇయర్‌ఫోన్సో పెన్నో మరిచిపోయి మూత మూసేస్తారు. బెంగుళూరు బస్సులో బ్యాగు పై ర్యాకులో పెడితే దాని మీద ఇంకెవరిదో సూట్‌కేసు వచ్చి కూర్చుంటుంది. మూతని ఒక మూల పట్టుకుని ఒంటిచేత్తో ఎత్తేవాళ్లు ఇంకో రకం. ఎలా పగిలినా వైద్యం ఒకటే, కానీ ముందు రోగం ఏదో తెలియాలి.

ముందు పోయిందేదో తేల్చుకోండి

స్క్రీన్ మీద పగుళ్లు కనిపిస్తున్నా, ఒకచోట సిరా ఒలికినట్టు నల్లమచ్చ పాకుతున్నా అనుమానం అక్కర్లేదు, ప్యానెల్ పోయినట్టే. పైకి పగులేమీ లేకుండా గీతలు రావడం, మినుకుమినుకుమనడం, అసలేమీ కనిపించకపోవడం లాంటివైతే తొందరపడి ప్యానెల్ కొనకండి.

ఇంట్లో టీవీకి హెచ్‌డీఎంఐ కేబుల్‌తో ల్యాప్‌టాప్‌ని కలపండి. స్క్రీన్ పూర్తిగా నల్లగా ఉన్నా పర్వాలేదు, ఆన్ చేసి రెండు నిమిషాలు ఆగి విండోస్ కీతో పాటు పి నొక్కి, కింది బాణం ఒకసారి నొక్కి ఎంటర్ కొట్టండి. అప్పటికీ రాకపోతే అదే మళ్లీ చేయండి. టీవీలో బొమ్మ శుభ్రంగా వస్తే మదర్‌బోర్డు, గ్రాఫిక్స్ చాలావరకు బాగున్నాయని అర్థం. టీవీలో కూడా అవే గీతలు వస్తుంటే కొత్త ప్యానెల్ వేసినా లాభం లేదు, అది బోర్డు జబ్బు. టీవీకి కలిపి ఉన్నప్పుడే మీ ఫైళ్లన్నీ పెన్‌డ్రైవ్‌లోకో హార్డ్‌డిస్కులోకో కాపీ చేసుకోండి. ప్రాజెక్టు రిపోర్టు ఉన్నవాళ్లు ఇది అస్సలు వాయిదా వేయొద్దు.

టీవీలో బాగా వచ్చి ల్యాప్‌టాప్ మాత్రం చీకటిగా ఉంటే గదిలో లైటు ఆపి, ఫోన్ టార్చిని స్క్రీన్‌కి దగ్గరగా ఏటవాలుగా పట్టి చూడండి. ఐకాన్లు లీలగా కనిపిస్తే బొమ్మ వస్తోంది, వెనకాల బ్యాక్‌లైట్ వెలగడం లేదు. అలాంటప్పుడు పోయింది ప్యానెలే కావచ్చు, కేబుల్ కావచ్చు, బోర్డు మీద బ్యాక్‌లైట్‌కి వెళ్లే చిన్న ఫ్యూజు కావచ్చు. ఇది ఇంట్లో తేలే వ్యవహారం కాదు. ఇంకో మంచి ప్యానెల్ పెట్టి చూడగలిగే షాపుకి వెళ్లడమే నయం.

మూతని మెల్లగా ముందుకూ వెనక్కూ కదుపుతుంటే బొమ్మ వస్తూ పోతూ ఉందంటే నూటికి తొంభై పాళ్లు అది డిస్‌ప్లే కేబుల్. హింజ్ (మూత తిరిగే కీలు) దగ్గర మడతపడి మడతపడి లోపల తీగ తెగుతుంది. కేబుల్ ధర ప్యానెల్ ధరలో చిన్న భాగం. దీనికి ప్యానెల్ మార్చమని ఎవరైనా చెబితే ఇంకో షాపులో అడగండి.

డెల్ వాళ్ల ల్యాప్‌టాప్ అయితే ఒక సౌకర్యం ఉంది. పూర్తిగా ఆఫ్ చేసి, డి అక్షరం నొక్కి పట్టుకుని పవర్ బటన్ నొక్కండి. స్క్రీన్ తెలుపు, నలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల్లోకి మారుతూ పోతుంది. ఆ రంగుల్లోనూ గీతలు ఉంటే విండోస్ తప్పేమీ లేదు. మిగతా కంపెనీలవైతే ఆన్ చేయగానే వచ్చే లోగోని గమనించండి. లోగో మీద కూడా గీతలుంటే ఫార్మాట్ కొట్టించినా పోవు.

ఇక అసలు విప్పకూడనివి కొన్ని ఉన్నాయి. వారంటీలో ఉన్నవి, కొనేటప్పుడు యాక్సిడెంటల్ డ్యామేజ్ ప్లాన్ తీసుకున్నవి విప్పొద్దు. మామూలు వారంటీలో పగిలిన స్క్రీన్‌కి డబ్బులు రావు, కానీ ఆ ప్లాన్ ఉంటే రావచ్చు. బిల్లు తీసి చూడండి, చాలామందికి తాము ఆ ప్లాన్ కట్టిన సంగతే గుర్తుండదు. చాలా టచ్‌స్క్రీన్లలో ముందరి గాజు ప్యానెల్‌కి అతికే ఉంటుంది, రెండూ కలిపి మార్చాలి. మ్యాక్‌బుక్‌లకైతే పై మూత మొత్తం మార్చడమే వాడుక. ఇవి మొదటిసారి చేతులు పెట్టే పనులు కావు. బ్యాటరీ ఉబ్బి కింది మూత లేచి ఉన్నా అక్కడే ఆగిపోండి, ముందు దాని సంగతి చూడాలి.

విప్పకుండా ఆర్డర్ పెట్టొద్దు

ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. ల్యాప్‌టాప్ మోడల్ నంబరు వెబ్‌సైట్‌లో కొట్టి, వచ్చిన ప్యానెల్ ఆర్డర్ చేసేస్తారు. ఒకే మోడల్ పేరుతో కంపెనీలు రెండు మూడు రకాల ప్యానెళ్లు వేస్తాయి. మీ స్నేహితుడిదీ మీదీ ఒకే రోజు ఒకే షాపులో కొన్నవైనా లోపల వేర్వేరు కంపెనీల ప్యానెళ్లు ఉండొచ్చు. కాబట్టి ముందు విప్పి, పాత ప్యానెల్ వెనక ఉన్న స్టిక్కర్ చదివి, ఫోటో తీసి, ఆ తర్వాతే ఆర్డర్. పగిలిన స్క్రీన్‌ని విప్పి మళ్లీ పెట్టి కొత్తది వచ్చేదాకా టీవీకి కలిపి వాడుకోవచ్చు, నష్టమేమీ లేదు.

ఆ స్టిక్కర్ మీద బార్‌కోడ్‌లు, బోలెడన్ని నంబర్లు ఉంటాయి. మీకు కావాల్సింది అందులో కాస్త పెద్ద అక్షరాల్లో ఉండే ప్యానెల్ మోడల్. ఉదాహరణకి ఎన్‌వి156ఎఫ్‌హెచ్‌ఎమ్ అని మొదలైతే అది బీఓఈ వాళ్ల ఫుల్ హెచ్‌డీ ప్యానెల్. ఎన్‌టి156డబ్ల్యుహెచ్‌ఎమ్ అయితే అదే కంపెనీ మామూలు హెచ్‌డీ. బి156 అని మొదలైతే ఏయూఓ, ఎల్‌పి156 అయితే ఎల్‌జీ, ఎన్156 అయితే ఇన్నోలక్స్. మధ్యలో ఉన్న 156 అంటే 15.6 అంగుళాలు, 140 ఉంటే 14 అంగుళాలు. చివర గీత తర్వాత వచ్చే అక్షరాలూ అంకెలూ కూడా ముఖ్యమే, వదిలేయకండి. మొదటి భాగం కలిసినా ఆ తోక తేడా వస్తే కనెక్టర్ చోటో, బిగించే పద్ధతో మారిపోవచ్చు.

నంబరుతో పాటు మూడు సంగతులు కళ్లతో చూసి రాసుకోండి.

మొదటిది పిన్నుల సంఖ్య. ఈ పదేళ్లలో వచ్చిన మామూలు ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా ఉండేది 30 పిన్. అవి ఈడీపీ అనే కనెక్షన్ పద్ధతివి. అంతకు ముందువాటిలో 40 పిన్నులతో ఎల్‌వీడీఎస్ అనే పాత పద్ధతి ఉండేది. గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో 120, 144 హెర్ట్జ్ ప్యానెళ్లకి, కొన్ని టచ్ ప్యానెళ్లకి కూడా 40 పిన్నులుంటాయి కానీ అవి ఈడీపీ. రెండూ 40 పిన్నులే కదా అని పాత ఎల్‌వీడీఎస్ దానికి ఈ కొత్తది తగిలిస్తే పని చేయదు సరికదా బోర్డుకి కూడా ఎసరు రావచ్చు.

రెండోది బిగించే పద్ధతి. ప్యానెల్ పైనా కిందా ఇనుప రేకు చెవులు పొడుచుకొచ్చి, వాటికి స్క్రూలు ఉంటాయా? లేక ఏ చెవులూ లేకుండా టేపుతో అతికించి ఉందా? షాపులో "బ్రాకెట్ ఉన్నదా, లేనిదా" అని అడుగుతారు.

మూడోది కొలత. 15.6 అంగుళాల స్లిమ్ ప్యానెళ్లలోనే సుమారు 350 మిల్లీమీటర్ల వెడల్పువి, సుమారు 360 మిల్లీమీటర్లవి రెండూ ఉన్నాయి. అంచులు సన్నగా ఉండే కొత్త మోడళ్లలో 350 ఉంటుంది. పిల్లల స్కేలు సరిపోదు, టైలర్ టేపో స్టీల్ టేపో పెట్టి కొలవండి. పది మిల్లీమీటర్లు తేడా వస్తే స్క్రీన్ చుట్టూ ఉండే చట్రం (బెజెల్) మూయదు.

హెచ్‌డీ తీసేసి ఫుల్ హెచ్‌డీ వేసుకోవచ్చా అని చాలామంది అడుగుతారు. 1366x768 నుంచి 1920x1080కి మారితే కంటికి నిజంగానే హాయి. కానీ కొన్ని ల్యాప్‌టాప్‌లలో హెచ్‌డీకి సరిపడా తీగలే కేబుల్‌లో వేసి ఉంటాయి, అప్పుడు కేబుల్ కూడా మార్చాలి. ఆ గొడవ వద్దనుకుంటే రిజల్యూషన్ అలాగే ఉంచండి. అదే రిజల్యూషన్, అదే కనెక్టర్, అదే కొలతతో టీఎన్ రకం ప్యానెల్ బదులు ఐపీఎస్ రకం దొరికితే మాత్రం కొంచెం ఎక్కువైనా పెట్టొచ్చు, పక్కనుంచి చూసినా రంగులు మారవు. గ్లాసీ (నిగనిగలాడేది) జోలికి పోకుండా మ్యాట్ (మెరవనిది) తీసుకోండి. మన వెలుతురుకి గ్లాసీ స్క్రీన్‌లో మన ముఖమే ఎక్కువ కనిపిస్తుంది.

ఎక్కడ కొనాలి

సుభాష్ రోడ్డు, కమలానగర్ వైపు రిపేరు షాపుల్లో బాగా తిరిగే 15.6 అంగుళాల 30 పిన్ ప్యానెళ్లు స్టాకు ఉండొచ్చు. మిగతావి వాళ్లు కూడా బెంగుళూరు నుంచి తెప్పించేవే. అక్కడి ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్పీ రోడ్డు అనంతపురానికి రెండు వందల పైచిలుకు కిలోమీటర్లే, ఎలాగూ ఆ ఊరు వెళ్లే పని ఉంటే పాత ప్యానెల్ ఫోటో ఫోన్‌లో పెట్టుకుని వెళ్లండి. ఆదివారం మాత్రం పెట్టుకోకండి, చాలా షాపులు మూసి ఉంటాయి. షాపులో "హెచ్‌పీ ల్యాప్‌టాప్‌కి స్క్రీన్ కావాలి" అంటే పది ప్రశ్నలు వేస్తారు. "అన్నా, ఎన్‌వి156ఎఫ్‌హెచ్‌ఎమ్, 30 పిన్, బ్రాకెట్ లేనిది, మ్యాట్, 350 సైజు" అంటే తెలిసినవాడే వచ్చాడని నేరుగా ధర చెబుతారు. ధరలో కూడా ఆ తేడా కనిపిస్తుంది.

కొత్తదా, వేరే ల్యాప్‌టాప్ నుంచి తీసిందా అన్నది మొహమాటం లేకుండా అడగండి. తీసిన ప్యానెల్ కొనడం తప్పేమీ కాదు, కానీ కొత్తదాని ధరకి కొనకూడదు. ఒరిజినల్ స్టిక్కర్ మీద ఇంకో స్టిక్కర్ అతికించి ఉంటే కారణం అడగండి. షాపులోనే వెలిగించి చూపించమనండి.

ట్రావెల్స్ బస్సులోనో ఆర్టీసీ కార్గోలోనో వేయిస్తామంటే రెండు థర్మోకోల్ షీట్ల మధ్య పెట్టి, అట్టపెట్టెలో నిలువుగా ఉంచి పంపమని చెప్పండి. ఆన్‌లైన్లో తెప్పించుకుంటే పెట్టె కోసే దగ్గర నుంచి స్క్రీన్ వెలిగే దాకా ఫోన్‌లో వీడియో తీయండి. పగిలి వచ్చిందని చెబితే అమ్మినవాళ్లు మొదట అడిగేది ఆ వీడియోనే.

చేతిలో ఉండాల్సినవి

చిన్న స్టార్ స్క్రూడ్రైవర్లు రెండు సైజులు, పీహెచ్0, పీహెచ్00. బెజెల్ లేపడానికి గిటార్ పిక్ ఉంటే భేష్, లేకపోతే గడువు తీరిన ఏటీఎం కార్డు. కత్తి, టెస్టర్ మాత్రం వద్దు, ప్లాస్టిక్ మీద గాట్లు పడతాయి. కనుబొమ్మలకి వాడే లాంటి చిమటా ఒకటి, మెత్తని తువ్వాలు, ఒక తెల్ల కాగితం, సన్నని డబుల్ సైడ్ టేపు. బెజెల్ గమ్ముతో అతికించి ఉంటే హెయిర్ డ్రయర్ కూడా.

ఎక్కడ కూర్చుంటారన్నది కూడా చూసుకోండి. మన దగ్గర ఆషాఢం గాలి మొదలైందంటే కిటికీ తెరిచిన గదిలో ప్రతిదాని మీదా దుమ్ము పేరుకుంటుంది. ప్యానెల్ వెనక దుమ్ము పడితే ఫర్లేదు, బెజెల్ అంచున ఇసుక రేణువు ఇరుక్కుంటే మాత్రం మూత మూసినప్పుడల్లా స్క్రీన్‌ని నొక్కుతుంది. కిటికీలు మూసి, ఫ్యాను ఆపి చేయండి. చలికాలం చివర నుంచి ఎండలు ముదిరేదాకా మా గాలిలో తేమ తక్కువ, పాలిస్టర్ బట్టలేసుకుని దుప్పటి మీద కూర్చుంటే ఒంట్లో స్టాటిక్ కరెంటు పేరుకుంటుంది. నూలు చొక్కా వేసుకుని, చెక్క బల్ల మీద పని పెట్టుకుని, మొదలుపెట్టే ముందు ఇనుప కిటికీ ఊచల్ని ఒకసారి ముట్టుకోండి. నల్లా పైపు ముట్టుకోమని పాత సలహా ఒకటుంది, ఇప్పుడు ఇళ్లలో అన్నీ ప్లాస్టిక్ పైపులే కాబట్టి దానివల్ల ఒరిగేదేమీ లేదు.

కరెంటు పూర్తిగా తీసేయడం

ఈ మెట్టు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ దాటేయొద్దు. షట్‌డౌన్ చేసి ఛార్జర్ తీసినంత మాత్రాన సరిపోదు. బ్యాటరీ లోపల తగిలే ఉంటే డిస్‌ప్లే కేబుల్‌లో బ్యాక్‌లైట్ కరెంటు వచ్చే వీలుంటుంది. ఆ సమయంలో కనెక్టర్ వంకరగా ఊడితే పక్క పిన్నుకి తగిలి బోర్డు మీది ఫ్యూజు టప్పున పోతుంది. అప్పుడు కొత్త ప్యానెల్ పెట్టినా టార్చి వేస్తేనే కనిపించే బొమ్మ మిగులుతుంది.

పాత మోడళ్లలో కింద రెండు లాకులు జరిపితే బ్యాటరీ ఊడొస్తుంది. లేకపోతే కింది మూత విప్పాలి. స్క్రూలు తీసేటప్పుడు తెల్ల కాగితం మీద ల్యాప్‌టాప్ అడుగు బొమ్మ గీసి, ఏ చోటి స్క్రూని ఆ చోటే కాగితంలో గుచ్చండి. పొడుగు స్క్రూని పొట్టి రంధ్రంలో బిగిస్తే పైన ప్లాస్టిక్ పొడుచుకొస్తుంది, కింద బోర్డుకి కూడా దెబ్బ తగలొచ్చు. కొన్నింటిలో రబ్బరు పాదాల కింద కూడా స్క్రూలు దాక్కుని ఉంటాయి. మూత రాకపోతే బలం వాడే ముందు అక్కడ చూడండి. మూత తీశాక బ్యాటరీ కనెక్టర్‌ని గోళ్లతోనో ప్లాస్టిక్ ముక్కతోనో వెనక్కి జరిపి తీయండి, తీగలు పట్టి లాగకండి. థింక్‌ప్యాడ్‌లలో బయాస్ అనే సెట్టింగుల తెరలోకి వెళ్లి లోపలి బ్యాటరీని ఆపేసే ఆప్షన్ ఉంటుంది, మూత విప్పకుండానే పని అవుతుంది.

బ్యాటరీ తీశాక పవర్ బటన్ పదిహేను సెకన్లు నొక్కి పట్టుకోండి. మిగిలిన కరెంటు కూడా పోతుంది.

బెజెల్ తీయడం

స్క్రీన్ చుట్టూ ఉండే ప్లాస్టిక్ చట్రమే బెజెల్. గాజు పొడిగా రాలుతుంటే ముందు స్క్రీన్ మొత్తం మీద వెడల్పు సెల్లోటేపు అతికించండి. పగిలిన చోట జిడ్డుగా తగిలితే అది లోపలి ద్రవం. చేతులు సబ్బుతో కడుక్కోండి, కళ్లు నలుపుకోకండి.

పాత మోడళ్లలో బెజెల్ కింది మూలల్లో చిన్న రబ్బరు బొట్లు ఉంటాయి. సూదితో వాటిని లేపితే కింద స్క్రూలు. అవి తీశాక లోపలి అంచున, పక్క మధ్యలో, వేలిగోరు దూర్చి మెల్లగా పైకి లేపండి. క్లిప్పులు టక్ టక్ మని ఊడుతుంటాయి. ఆ శబ్దానికి కంగారు పడకండి, విరిగిన శబ్దం ఇంకా పెద్దగా ఉంటుంది. పక్కలు, పైభాగం అయ్యాక చివరగా హింజ్‌ల దగ్గరికి రండి. అక్కడ ప్లాస్టిక్ సన్నగా ఉండి తొందరగా విరుగుతుంది.

అంచులు సన్నగా ఉండే కొత్త మోడళ్లలో స్క్రూలు ఉండవు, గమ్ము టేపు ఉంటుంది. హెయిర్ డ్రయర్‌ని తక్కువ వేడిలో పెట్టి, ఒకేచోట ఆపకుండా అంచు పొడవునా తిప్పుతూ వెచ్చచేయండి. చెయ్యి పెట్టి ఓర్చుకోగలిగినంత వేడి చాలు. అప్పుడు కార్డు దూర్చి జరుపుకుంటూ పోండి. పైన కెమెరా దగ్గర కార్డు లోతుగా పెట్టకండి, సన్నని కెమెరా తీగ ఉంటుంది.

బెజెల్ వచ్చేశాక ఒక్క నిమిషం హింజ్‌లు చూడండి. మూత తెరిచేటప్పుడు బిగుసుకుపోయి ఉందా? హింజ్ స్క్రూలు దిగే ఇత్తడి మరలు ప్లాస్టిక్ నుంచి ఊడిపోయి ఉన్నాయా? ఉంటే మీ స్క్రీన్ పగలడానికి అసలు కారణం అదే కావచ్చు. దాన్ని బాగుచేయించకుండా కొత్త ప్యానెల్ బిగిస్తే అదీ పాతదాని దారే పడుతుంది. ఫెవిక్విక్ పోసి సరిపెట్టకండి, కొన్నాళ్లకి మళ్లీ ఊడుతుంది, ఈసారి చుట్టూ ఉన్న ప్లాస్టిక్‌ని కూడా తీసుకుని ఊడుతుంది.

ప్యానెల్ తీయడం, కనెక్టర్ విప్పడం

బ్రాకెట్ ఉన్న ప్యానెల్ అయితే నాలుగు మూలల్లో స్క్రూలు. పైవి తీసేటప్పుడు ప్యానెల్ ముందుకు పడిపోకుండా చేత్తో పట్టుకోండి.

టేపుతో అతికించినదైతే ప్యానెల్ రెండు పక్కలా కింది మూలల్లో నల్లటి చిన్న కొస కనిపిస్తుంది. అది సాగే టేపు. చిమటాతో ఆ కొస పట్టుకుని, చిమటాకే ఒక చుట్టు చుట్టి, వీలైనంత వాలుగా, తొందర లేకుండా లాగండి. సాగుతూ సాగుతూ మొత్తం బయటికొస్తుంది. పైకి ఎత్తి లాగితే పుటుక్కున తెగుతుంది. తెగితే అంచు వెచ్చచేసి, సన్నని నైలాన్ దారాన్ని ప్యానెల్ వెనక నుంచి రంపంలా ఆడించి కోయాలి. పక్క ఊరు ధర్మవరమే అయినా దీనికి పట్టు దారం పనికిరాదు.

ఇప్పుడు కీబోర్డు మీద తువ్వాలు పరిచి, ప్యానెల్ పై అంచు పట్టుకుని ముందుకు వాల్చి దాని మీద బోర్లా పడుకోబెట్టండి. లాగకండి, కింద కేబుల్ ఇంకా తగిలే ఉంది. స్టిక్కర్ ఫోటో తీయాల్సింది ఈ దశలోనే.

కింది భాగంలో వెడల్పాటి కేబుల్ వచ్చి చేరే చోట కాస్త పెద్ద టేపు అతికించి ఉంటుంది. ఆ టేపుని ఒక మూల నుంచి నెమ్మదిగా ఒలవండి, మళ్లీ వాడుకోవచ్చు. కింద కనెక్టర్, దాని మీదుగా సన్నని స్టీల్ తీగ లాంటి లాక్ అడ్డంగా పడుకుని ఉంటుంది. కొన్నింటికి ఆ తీగకి పట్టుకోవడానికి చిన్న ప్లాస్టిక్ కాగితం ఉంటుంది. తీగని గోటితో పైకి లేపి నిలబెట్టండి. తర్వాత కనెక్టర్ రెండు చివర్లనీ రెండు గోళ్లతో పట్టుకుని, ప్యానెల్‌కి సమాంతరంగా, కేబుల్ వచ్చిన దిక్కుకే జరపండి. ఇది పైకి ఊడే రకం కాదు, పక్కకి జారే రకం. పిన్నుల మధ్య దూరం అర మిల్లీమీటరే, కాబట్టి ఒకసారి ఈ చివర కొంచెం, ఒకసారి ఆ చివర కొంచెం అన్నట్టు సమంగా జరగాలి. సగం వచ్చాక చటుక్కున వదిలేస్తుంది, చెయ్యి తేలిగ్గా ఉంచండి.

కొత్త ప్యానెల్‌ని పాతదాని పక్కన బోర్లా పెట్టి పోల్చండి. కనెక్టర్ అదే మూలలో ఉందా, పిన్నులు అంతేనా, బ్రాకెట్లు ఒకటేనా? ఏది తేడా వచ్చినా తగిలించి చూద్దామనుకోవద్దు. ఆపేసి అమ్మినవాళ్లకి ఫోటో పంపండి.

తగిలించేటప్పుడు కనెక్టర్‌ని ముందు వదులుగా వరసలో పెట్టి, రెండు బొటనవేళ్లతో సమంగా లోపలికి తోయండి. రెండు వైపులా ఖాళీ ఒకేలా కనిపించాలి. ఒక వైపు వెంట్రుకవాసి బయటికి ఉన్నా తీసి మళ్లీ పెట్టండి. లాక్ తీగ దించి, టేపు అతికించండి.

అతికించకముందే పరీక్ష

ప్యానెల్‌ని మూతలో వదులుగా ఆనించి, బ్యాటరీ తగిలించి ఆన్ చేయండి. కొన్ని ల్యాప్‌టాప్‌లు బ్యాటరీ తీసి పెట్టాక ఛార్జర్ పెడితే గానీ మేలుకోవు, అది చూసి భయపడకండి. అసలేమీ రాకపోతే ఆపి, బ్యాటరీ మళ్లీ తీసి, కనెక్టర్ చూడండి. చాలాసార్లు కారణం అక్కడే ఉంటుంది.

బొమ్మ వచ్చాక తెలుపు, నలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల ఫోటోలు ఒక్కొక్కటిగా స్క్రీన్ నిండా పెట్టి చూడండి. నలుపులో వెలుగుతున్న చుక్కలు ఉంటే అవి స్టక్ పిక్సెల్స్, తెలుపులో నల్ల చుక్కలు ఉంటే అవి డెడ్ పిక్సెల్స్. బ్రైట్‌నెస్ అడుగు నుంచి పైదాకా మార్చండి. ప్యానెల్‌ని చేత్తో పట్టుకుని మూతని రెండు మూడుసార్లు కదిపితే కేబుల్ పరిస్థితి కూడా తెలిసిపోతుంది. ప్యానెల్ మీది ప్లాస్టిక్ పొర ఇప్పుడే తీయకండి, అది తీశాక వాపసు తీసుకోవడానికి అమ్మినవాళ్లు గునుస్తారు.

అంతా బాగుంటే షట్‌డౌన్ చేసి బ్యాటరీ మళ్లీ తీయండి. స్క్రీన్ వెలిగిందన్న సంబరంలో దీన్ని మరిచిపోయేవాళ్లే ఎక్కువ.

మూయడం

కొత్త టేపు వేసేటప్పుడు పాత గమ్ము తుడిచేయండి. టేపు పాతది ఉన్నచోటే, అంతే మందంలో వేయాలి. మందం ఎక్కువైతే ప్యానెల్ ముందుకొచ్చి బెజెల్‌ని తోస్తుంది. ప్యానెల్‌ని అంచుల్లోనే నొక్కండి, నడిమధ్య వేలు పెట్టకండి. కెమెరా తీగ, నలుపు తెలుపు వైఫై తీగలు తమ గాడుల్లో ఉన్నాయో లేదో చూసి బెజెల్ పెట్టండి. ఈసారి హింజ్ వైపు నుంచి మొదలుపెట్టి పైకి నొక్కుకుంటూ రండి. ఎక్కడైనా ఉబ్బెత్తుగా ఉంటే అక్కడ తీగ ఇరుక్కుంది, బలంగా నొక్కకండి.

వేలిముద్రలు పడితే పొడి మైక్రోఫైబర్ గుడ్డ చాలు. కిటికీ అద్దాలు తుడిచే స్ప్రే కొట్టకండి, మ్యాట్ పూత పోతుంది. నోటితో ఊదితే తుంపర్లు పడి మచ్చలవుతాయి.

బెజెల్ గమ్ముతో అతికే రకమైతే మొదటి రెండు రోజులు క్లిప్పుల మీదే ఉంచి వాడండి, వాపసు గడువు దాటకముందే లోపమేదైనా ఉంటే బయటపడుతుంది. ఆ తర్వాత గమ్ము వేసుకోవచ్చు. పాత ప్యానెల్‌ని కూడా అప్పటిదాకా పారేయకండి, వాపసు పంపాల్సి వస్తే స్టిక్కర్ చూపించమంటారు. తర్వాత దాన్ని మున్సిపాలిటీ చెత్తబండిలో వేయకుండా, కాగితంలో గట్టిగా చుట్టి రిపేరు షాపులో ఇచ్చేయండి. బ్రాకెట్లూ, లోపలి డిఫ్యూజర్ షీట్లూ వాళ్లకి పనికొస్తాయి. ఊరికే ఇవ్వకుండా రెండు స్క్రూలు అడిగి తెచ్చుకోండి, విప్పేటప్పుడు పోయినవి ఎలాగూ ఉంటాయి.